వారానికి మూడు తెల్లవారుజాములు, 21 కిలోమీటర్లు

విశాఖపట్నంలో నవంబరు నెలాఖరున జరిగే హాఫ్ మారథాన్‌కు పేరు ఇచ్చేనాటికి నాకు 16 వారాల గడువు ఉంది గాని, వారం మొత్తంలో పరుగుకు దొరికే సమయం మూడున్నర గంటలే. ఆత్రేయపురం మండలంలోని మా ఊరి నుంచి ఉదయం ఏడున్నరకే బయలుదేరి రైసు మిల్లులో లెక్కలు చూసుకుని వచ్చేసరికి చీకటి పడుతుంది. అందుచేత మంగళ, గురు, ఆదివారాల్లో తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలని నిర్ణయించుకున్నాను.

ఉన్నవే మూడు రోజులు కనుక ప్రతిసారీ ఓపిక ఉన్నంత వేగంగా పరుగెత్తితేనే ఫలితం ఉంటుందని మొదట నమ్మాను. అదే నేను చేసిన పెద్ద పొరపాటు. మూడో ఆదివారం లొల్ల ఊరి కాలువ లాకుల దగ్గర వెనక్కి తిరిగేసరికి కుడి మోకాలికి దిగువన, ముందు ఎముక వెంబడి సన్నగా మొదలైన నొప్పి, ఇల్లు చేరేలోగా నన్ను కుంటించింది. రాజమహేంద్రవరంలో ఒక ఫిజియోథెరపిస్టు పరీక్షించి, "పరుగెత్తేటప్పుడు పక్కవారితో మాట్లాడగలుగుతున్నారా అండీ?" అని అడిగారు. లేదన్నాను. పది రోజులు పరుగు ఆపమని, ఆ తరువాత మంగళవారం తప్ప మిగతా రెండు రోజులూ మాట్లాడగలిగినంత నెమ్మదిగానే వెళ్లమని చెప్పారు. ఆ పది రోజుల్లోనే గోదావరికి వరద వచ్చి, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం రెండో ప్రమాద హెచ్చరిక స్థాయి అయిన 13.75 అడుగులు దాటింది. ఏటిగట్టు మీదికి వెళ్లే వీలు ఎలాగూ లేదు కనుక, ఆ విశ్రాంతి నాకు అంతగా బాధ కలిగించలేదు.

తిరిగి మొదలుపెట్టాక కిలోమీటరుకు ఎనిమిది నిమిషాలు పట్టేది. అంత నెమ్మదిగా వెళ్లడానికి వేగంగా పరుగెత్తడం కంటే ఎక్కువ నిగ్రహం కావాలని అప్పుడే తెలిసింది. ఆదివారం దూరాన్ని 6 కిలోమీటర్ల నుంచి ఒకటి, ఒకటిన్నర చొప్పున పెంచుతూ, ప్రతి నాలుగో వారం కాళ్లు తేరుకోవడానికి తగ్గిస్తూ, పోటీకి రెండు వారాల ముందు 16కు చేర్చాను. బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కినప్పుడు ఎదురుగాలి బలంగా ఉండేది, కాని ఆ గాలి తగిలితేనే చెమట ఆరేది. సెప్టెంబరు ఉక్కలో ఒకనాడు గంటన్నర పరుగుకు ముందూ తరువాతా తూకం చూసుకుంటే కిలో మూడు వందల గ్రాములు తగ్గాను. ఆనాటి నుంచి లీటరు నీటిలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు కలిపి, ఆ సీసాను లాకుల దగ్గరి టీ బడ్డీలో ముందే ఉంచుకునేవాడిని.

డెల్టాలో సాధన చేసేవారికి ఉన్న అసలు లోటు ఎత్తు. మా నేల అరచేయిలా చదునుగా ఉంటుంది, విశాఖలో రుషికొండ వైపు బీచ్ రోడ్డేమో ఎక్కుడూ దిగుడుగా సాగుతుంది. మంగళవారాల్లో కాలువ వంతెన ఎక్కే వాలునే కొండగా భావించి, పది నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తిన తరువాత, చిన్న అంగలతో, చూపు కిందికి దించకుండా పదిసార్లు ఎక్కి దిగేవాడిని. నవంబరులో సార్వా (ఖరీఫ్) వరి కోతలు మొదలై సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి బరకాలు కప్పడంతో, వాటి అంచుల మీద పెట్టిన రాళ్లు చీకట్లో కనబడక తలకు లైటు కట్టుకున్నాను. మిల్లులో పని పెరిగిన ఆ వారాల్లో గురువారం పరుగును వదులుకున్నాను గాని, ఆదివారాన్ని వదలలేదు.

పోటీలో 16 కిలోమీటర్ల తరువాతిదంతా నాకు తెలియని దూరం. పద్దెనిమిదో కిలోమీటరులో ఎక్కుడు వచ్చినప్పుడు మా వంతెన మీద వేసిన అంగలే వేశాను, చాలామంది నడుస్తున్న చోట నేను ఆగలేదు. 2 గంటల 26 నిమిషాలకు గమ్యం చేరాను. ఆ తరువాత రెండు రోజులు మెట్లు దిగడానికి తొడలు సహకరించలేదు, కుడికాలి ఎముక మాత్రం ఏమాత్రం నొప్పి పెట్టలేదు.