‘చూసిన’ దట్, ‘అని’ దట్

ఏటా జూన్‌లో డాలస్ నుంచి విశాఖ వస్తాం. ఈసారి మా పదకొండేళ్ల పిల్లని ఇరుకున పెట్టింది మా నాన్న. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి.

బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ చూసొచ్చి, పిల్ల డైరీలో రెండు వాక్యాలు రాసుకుంది. ‘ద సబ్‌మెరైన్ దట్ వి సా వాజ్ హ్యూజ్.’ ‘తాతయ్య సెడ్ దట్ ఇట్ రిటైర్డ్ ఇన్ 2001.’

“ఈ రెండు దట్‌లూ ఒకటేనా అమ్మా?” అన్నారు నాన్న.

“స్పెల్లింగ్ ఒకటే కదా తాతయ్యా!”

ఇంగ్లీషులోనే పెరిగిన పిల్లకి నామవాచకానికి బదులొచ్చే ప్రొనౌన్, వాక్యాల్ని కలిపే కంజంక్షన్ అన్న పేర్లతో పనేముంది? నాకు పేర్లే ముందొచ్చాయి, మాట తర్వాత. ‘విచ్ పెట్టి చూడు, కుదిరితే రెలెటివ్ ప్రొనౌన్’ అని బట్టీ పట్టిన బాపతు నేను.

నాన్న ఆ సూత్రం జోలికే పోలేదు. తెలుగులో చెప్పమన్నారు.

“సబ్‌మెరైన్ ఏదైతే మనం చూశామో, అది చాలా పెద్దది.”

నాకు తల కొట్టేసినట్టయింది. “మనం చూసిన సబ్‌మెరైన్ అనాలే!” అని వంటింట్లోంచి అమ్మ దిద్దింది. నాన్నకి కావలసింది అదే. ‘చూసిన’ అని క్రియ వెళ్లి నామవాచకం ముందు కూర్చుందంటే అక్కడి దట్ ప్రొనౌన్. ‘వి సా’ అని ఆపితే, దేన్ని చూశాం? ఆ ఖాళీలో ఉన్నది దట్టే. రెండోది ‘రిటైరైందని తాతయ్య చెప్పారు’. ‘అని’ వచ్చింది, కంజంక్షన్. ‘ఇట్ రిటైర్డ్ ఇన్ 2001’కి తనంతట తనకి లోటేమీ లేదు, దట్ ఉత్త అతుకు.

పిల్ల ఊరుకుంటుందా? “ద న్యూస్ దట్ తాతయ్య ఈజ్ కమింగ్?” అంది. న్యూస్ పక్కనే ఉంది కాబట్టి ప్రొనౌనే అనుకున్నాన్నేను. “తాతయ్య వస్తున్నారన్న వార్త” అన్నారు నాన్న, ‘అన్న’ని ఒత్తి పలుకుతూ. అదీ ‘అని’కి తోబుట్టువే, కాబట్టి కంజంక్షన్. ‘తాతయ్య చెప్పిన వార్త’ అయితే ప్రొనౌన్. ఇన్నేళ్లూ రెండు భాషలూ మాట్లాడుతూ ఈ ‘అన్న’ని నేను గమనించనే లేదు!

‘సో దట్’ దగ్గర మాత్రం ఈ కిటుకు పనిచెయ్యదు. ‘సో దట్ వి కెన్ సీ’ని ‘మనకి కనపడేలా’ అంటాం, ‘అని’ రాదు. ఆ మాటా నాన్నే చెప్పారు.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టు దారిలో పిల్ల అడిగింది, “అమ్మా, తాతయ్య కొన్న మామిడి తాండ్ర బ్యాగులో పెట్టావా?”

పెట్టానని చెప్పాను. అది ఫ్రిజ్ మీదే ఉండిపోయింది.