ట్యూషన్‌కి ముందు ఆ 60 నిమిషాలు

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. గంట ఎక్కడ దొరుకుతుందని చాలా ఇళ్లలో అక్కడే ఆగిపోతారు. ఒకేసారి గంట అక్కర్లేదు. పొద్దున 15, సాయంత్రం 30, రాత్రి భోజనానికి ముందు 15 నిమిషాలు కలిపినా సరిపోతుంది. అయితే ఆయాసం రావాలి. మాట్లాడగలిగి పాట పాడలేకపోతే అది ఒక మోస్తరు శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి కోసం ఆగితే గట్టి శ్రమ. ఈ గట్టిది వారానికి కనీసం 3 రోజులుండాలి. ఎముకలకు, కండరాలకు బలమిచ్చేవీ అంతే. ఒంటికాలిపై గెంతే తొక్కుడుబిళ్ళ ఎముకలకు సరిగ్గా పనికొచ్చే ఆట.

స్కూల్లో పీటీ పీరియడ్ ఉందిగా అని లెక్క వేసుకోకండి. వరుసలో నిలబడటం, హాజరు, వంతు కోసం ఎదురుచూడటం పోగా పిల్లలు పరిగెత్తేది కొద్ది నిమిషాలే. ఖోఖోలో తరిమేది ఒక్కరు, కూర్చునేది ఎనిమిది మంది. పైగా 'అవుట్' అయినవాళ్లను పక్కన కూర్చోబెట్టే ఆటల్లో నెమ్మదిగా పరిగెత్తే పిల్లలే ముందు కూర్చుంటారు. కదలిక ఎక్కువ అవసరమైంది వాళ్లకే. అపార్ట్‌మెంట్ కింద ఆడించేటప్పుడు, అవుటైతే గేటు దాకా పరిగెత్తి ముట్టుకొచ్చి మళ్లీ ఆటలో చేరేలా నియమం మార్చండి. గుంజీలు మాత్రం శిక్షగా వేయించవద్దు. శిక్షగా చేసిన కసరత్తు మీద పిల్లలకు ఇష్టం పుట్టదు.

సాయంత్రం పోయే సమయమంతా స్కూలు నుంచి వచ్చిన మొదటి పది నిమిషాల్లోనే పోతుంది. సోఫాలో కూర్చుని ఫోన్ పట్టుకున్నాక లేపడం కష్టం. అందుకే బ్యాగ్ పెట్టగానే మంచినీళ్లు, ఒక అరటిపండు ఇచ్చి కిందికి పంపండి. కడుపునిండా టిఫిన్ పెట్టి పంపితే డొక్కలో పట్టేసి మధ్యలోనే వచ్చేస్తారు. టిఫిన్ ఆట తర్వాతే.

తోడు దొరకని రోజున స్కిప్పింగ్ తాడు చాలు. చాలామంది పిల్లలు 'నాకు రాదు' అని వదిలేయడానికి కారణం తాడు పొడవే. తాడు మధ్యలో ఒక పాదం వేసి రెండు కొసలూ పైకి లాగితే పిడులు చంకల దాకా రావాలి. అంతకంటే పొడవైతే కాళ్లకు చుట్టుకుంటుంది, పొట్టిదైతే మోకాళ్లు ముడిచి ఎగరాల్సి వస్తుంది. తిప్పాల్సింది మణికట్టుతో, భుజాలతో కాదు. నేలకు అంగుళం పైకి లేస్తే చాలు, మునివేళ్ల మీద దిగాలి. మొదటి వారం 20 సెకన్లు దూకి 40 సెకన్లు ఆగుతూ 8 సార్లు. రెండో వారం 30 దూకి 30 ఆగడం. ఉత్త కాళ్లతో టైల్స్ మీద వద్దు. మట్టి నేల మేలు, లేదంటే బూట్లు వేసుకోవాలి.

ఎదిగే వయసులో, సుమారు 8 నుంచి 14 ఏళ్ల మధ్య, మడమ వెనక నొప్పి రావచ్చు. మోకాలి చిప్ప కింద నొప్పి అంతకంటే కాస్త పెద్ద పిల్లల్లో ఎక్కువ. ఎముక పెరిగేచోట కండర బంధం లాగడం వల్ల వచ్చేవి ఇవి. గెంతడం తగ్గించి, సైకిలో ఈతో పెట్టండి. కుంటుతున్నా, వాపున్నా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా డాక్టర్‌కి చూపించాలి.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో 11-17 ఏళ్ల అబ్బాయిల్లో 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం మందికి తగినంత శ్రమ లేదు. పెద్దమనిషి అయ్యాక 'ఇక ఆటలెందుకు' అనే మాట ఇంట్లోంచే వస్తుంది. ఆ మాట ఆపండి. సరైన స్పోర్ట్స్ బ్రా, బ్యాగులో అదనంగా ఒక ప్యాడ్, తోడుగా ఇద్దరు స్నేహితురాళ్లు ఉంటే ఆట సాగుతుంది. నెలసరి రోజుల్లో ఓపికుంటే ఆడవచ్చు, బలవంతం వద్దు.

పదో తరగతిలోనూ ఆట పూర్తిగా మాన్పించకండి. రెండు సబ్జెక్టుల మధ్య పది నిమిషాల చురుకైన నడక పెట్టినా అది లెక్కలోకి వస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఆట పొద్దున 8 లోపు, సాయంత్రం 5 తర్వాత మాత్రమే. తల తిరుగుతోందని, వాంతి వచ్చేలా ఉందని అంటే వెంటనే నీడకు తెచ్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, గుక్కగుక్కగా నీళ్లు పట్టండి. మాట తడబడినా, మత్తుగా పడిపోయినా నోట్లో ఏమీ పోయకుండా, ఒంటిని చల్లబరుస్తూనే 108కి ఫోన్ చేయండి.