న్యుంబుల వెనకే మా డేరాలు

నవంబరులో వులి అనే చిన్న వానలు పడ్డాయని కబురు అందిందంటే టాంజానియాలోని ఆరూషాలో ఉన్న మా సఫారీ క్యాంపుల స్టోర్స్‌లో ఇక ఎవరికీ సెలవులుండవు. ఉత్తరాన మారా నది దగ్గర, కోగాటెండేలో వేసిన గుడారాలు, మంచాలు, సోలార్ పలకలు, గ్యాస్ సిలిండర్లు, వంట సామాను అన్నీ విప్పి లారీలకెత్తి దక్షిణాన న్డూటుకు తరలించాలి. జూన్ వచ్చేసరికి అదే సామాను మళ్లీ ఉత్తరానికి. మావంటి సంచార క్యాంపులు పునాది తవ్వకూడదు, సిమెంటు పోయకూడదు. లేచిపోయాక నేలలో మేకు కూడా మిగలకూడదు. ఏ సరుకు ఏ నెలలో ఎక్కడుండాలో పట్టిక రాసేది నేనే. దాన్ని నిర్ణయించేది మాత్రం గడ్డి, దాని వెంట తిరిగే వైల్డ్‌బీస్ట్ మందలు.

నాది పాలమూరు. హైదరాబాద్‌లో ఒక హోటల్లో స్టోర్స్ చూసి, అదే పని మీద టాంజానియా వచ్చాను. మా దగ్గర వంటవాళ్లు ఎక్కువగా కిలిమంజారో పక్కనున్న మోషీ చగ్గా తెగవాళ్లు, డ్రైవర్లలో సుకుమా తెగవాళ్లు ఉన్నారు, రాత్రి కాపలా పశువులు కాసే మసాయి తెగవాళ్లది. దార్ ఎస్ సలామ్ నుంచి ఫోన్ చేసే తెలుగువాళ్లంతా అడిగేది ఒకటే. "అన్నా, నది దాటేది ఎప్పుడు చూపిస్తవ్?" టీవీలో వాళ్లు చూసింది అదే: మొసళ్లు, దుముకుతున్న వేల జంతువులు. నేను వాళ్లకు మిగతా ఏడాది గురించి చెప్పడం మొదలుపెడతాను. కొందరు వింటారు.

వైల్డ్‌బీస్ట్ అని టీవీలో చెప్పే జంతువును ఇక్కడ అందరూ న్యుంబు అంటారు. సుమారు 13 లక్షల న్యుంబులు, వాటితో పాటు రెండు లక్షలకు పైగా జీబ్రాలు, లక్షల్లో గెజెల్ జింకలు ఇక్కడి సెరెంగెటీ జాతీయ పార్కు నుంచి కెన్యాలోని మసాయి మారా దాకా పోయి, గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టి వస్తాయి. ముందుండి నడిపించే నాయకుడెవరూ ఉండరు. బయలుదేరే తేదీ, చేరే తేదీ ఉండవు. దూరాన వాన పడితే మంద అటు మళ్లుతుంది. మధ్యలో నాలుగు రోజులు ఎండ కాస్తే వెనక్కి కూడా వస్తుంది. మేం లారీ ఎక్కించాక అవి ఇంకా ఉత్తరానే ఉన్నాయని తెలిసిన సందర్భాలున్నాయి. జీబ్రాలు పొడుగు గడ్డి పైకొసల్ని, ముదురు కాడల్ని మేస్తాయి. ఆ తర్వాత బయటపడ్డ ఆకు న్యుంబులకు, వెనక వచ్చే చిన్న చిగురు గెజెళ్లకు. ఒకే మైదానంలో మూడు పంక్తుల భోజనం.

మా నాయిన జీవాలతో బతికినోడు. వరికోతలు అయిపోయాక మందను ఆయకట్టు ఊళ్లకు తోలుకుపోయి, పొలాల్లో మంద పెట్టి, ఎరువుకు బదులు రైతులిచ్చే వడ్లు, పైసలు తెచ్చేవాడు. నది దాటే వీడియో పంపితే రెండోసారి చూడలేదు. ఫోన్ చేసి అడిగాడు: "నీళ్లల్ల ఎన్ని పడ్డయో సరే బిడ్డా. ఈనేది ఏడ? ఆడ గడ్డి సంగతేంది?"

ఆ ప్రశ్న దగ్గరే అసలు విషయం ఉంది. సెరెంగెటీ ఉత్తర, వాయవ్య భాగాల్లో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు మించి వాన పడుతుంది. ఏడాది పొడవునా పారే మారా నది కూడా అక్కడే. ఆగ్నేయంలోని న్డూటు మైదానాలకు అందులో సగమే వాన. అంత నీళ్లున్న చోటు విడిచి, ఎండిపోయే నేలకు ఈనడానికి ఎందుకు వస్తాయి? నేల వల్ల. మసాయిలు దేవుడి కొండగా కొలిచే ఓల్ డోయిన్యో లెంగాయి, దాని పక్కనే చల్లారిపోయిన కెరిమాసి వేల ఏళ్లుగా చిమ్మిన అగ్నిపర్వతపు బూడిద గాలికి పడమరకు కొట్టుకొచ్చి ఈ మైదానం మీద పరుచుకుంది. అడుగున గట్టి పొర కట్టడంతో చెట్ల వేళ్లు దిగవు, పొట్టి గడ్డే మొలుస్తుంది. ఆ గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ దండిగా ఉంటాయి. చూలు మోసే తల్లికి, పాలిచ్చే తల్లికి కావలసినవి అవే. నాయినకు ఇదంతా చెబితే వెంటనే పట్టుకున్నాడు. "మనం జీవాలకు ఉప్పు పెట్టినట్టు, ఆడ భూమే పెడ్తుందన్నట్టు."

ఫిబ్రవరి ప్రాంతంలో మూడు వారాల లోపే ఆ ఏటి దూడల్లో అత్యధికం పుట్టేస్తాయి. లక్షల దూడలు ఒక్కసారిగా నేల మీద పడితే సింహాలు, హైనాలు, చిరుతపులులు ఎన్నని తినగలవు? వాటి కడుపులు నిండాక మిగిలినవే మంద. పుట్టిన పది నిమిషాల లోపే దూడ లేచి నిలబడుతుంది, కాసేపటికే తల్లితో పరుగెడుతుంది. ఆ నెలలో న్డూటు చుట్టుపక్కల నిలబడితే ఏ వైపు చూసినా పొడుచుకొస్తున్న కాళ్లు, తడి ఒళ్లు, నాకుతున్న తల్లులు. ఆ మైదానాన్ని చూస్తూ నేను నోట మాట రాక నిలబడిపోతాను, ప్రతి ఏడూ.

మా కాపలాదారైన మసాయి పెద్దాయన ఇదే మైదానం గురించి ఇంకో సంగతి చెప్పాడు. దూడలు పుట్టే రోజుల్లో ఆవులను అక్కడికి తోలరు. న్యుంబు దూడల నుంచి వచ్చే ఒక వైరస్ ఆవులకు ప్రాణాంతకం, న్యుంబులకు మాత్రం ఏమీ కాదు. అంత మంచి గడ్డి కళ్ల ముందే ఉన్నా మసాయిలు ఎత్తు ప్రదేశాలకు తప్పుకుని, ఈతలు ముగిశాకే దిగివస్తారు.

ఒకప్పుడు రోగం ఎదురు దిక్కున నడిచింది. మన దగ్గర ముసర అనే పశువుల జబ్బు 1887లో ఇప్పటి ఎరిట్రియాలో అడుగుపెట్టి, పదేళ్లలో దక్షిణాఫ్రికా దాకా పాకింది. ఆవులు పోయాయి, మసాయిలు ఆకలితో చచ్చారు, న్యుంబులు, అడవిదున్నలు గుట్టలుగా పడ్డాయి. తర్వాత దశాబ్దాల పాటు ఆ జబ్బు దూడల్ని తింటూనే ఉంది. పార్కు చుట్టూ ఉన్న ఊళ్లలో ఆవులకు టీకాలు వేశాకే అడవి జంతువుల్లోనూ ముసర ఆగింది. 1961లో రెండున్నర లక్షలున్న న్యుంబులు 1977కల్లా 13 లక్షలయ్యాయి. 2011లో ముసర ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. మంద పెరిగి గడ్డిని మేసెయ్యడంతో కార్చిచ్చులు తగ్గి, చెట్లు కూడా మళ్లీ లేచాయి. ఆవులకు వేసిన సూది అడవిని నిలబెట్టింది. నాయినకు చిన్నప్పటి ముసర సూదులు గుర్తే. ఆ సాయంత్రం చాలాసేపు మాట్లాడాడు.

నది సంగతి కూడా చెప్పాలి. మారాలో ఏటా సగటున ఆరు వేలకు పైగా న్యుంబులు మునిగి చనిపోతాయని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ మాంసం రాబందులకు, మొసళ్లకు, చేపలకు పోతుంది. ఎముకలు ఏళ్ల తరబడి కరుగుతూ నీటికి ఫాస్ఫరస్ ఇస్తాయి. 13 లక్షల మందకు ఈ చావులు దెబ్బ కాదు. దెబ్బ కంచెలది. బోట్స్వానాలో పశువుల రోగాలు ఆపాలని వేసిన కంచెల దగ్గర 1980లలో కరువొచ్చినప్పుడు నీళ్లకు దారిలేక వేల వేల న్యుంబులు పడిపోయాయి. కెన్యా వైపు లోయిటా మైదానాల నుంచి మారాకు వచ్చే వేరే మంద పొలాలు, కంచెల మధ్య నలిగి, 1970ల నాటితో పోలిస్తే పావు వంతుకు వచ్చింది. 2010లో సెరెంగెటీ ఉత్తరభాగం మీదుగా తారు రోడ్డు వేయాలనుకున్నారు. 2014లో తూర్పు ఆఫ్రికా న్యాయస్థానం కాదంది. ఆ రోడ్డు పడి ఉంటే ఇవాళ నేను రాసే పట్టికకు అర్థమే ఉండేది కాదు. మరోవైపు మసాయిలను 1959లోనే సెరెంగెటీ నుంచి కదిలించారు. సెరెంగెటీ పక్కనే ఉన్న న్గోరోంగోరో నుంచి కూడా 2022లో దూరంగా మ్సోమెరా అనే ఊరికి పంపడం మొదలుపెట్టారు. మందతో పాటే బతకడం తెలిసినవాళ్లను పంపేసి మందను కాపాడుతున్నామనడం నాకు సరిగా అనిపించదు.

మసికా అనే పెద్ద వానలు దంచే ఏప్రిల్, మే నెలల్లో క్యాంపులు మూతపడతాయి, అప్పుడే నాకు ఇల్లు. మామిడికాయ పచ్చళ్లకు అందుతాను. సంక్రాంతికి, బతుకమ్మకు అందను, రెండూ పని ముమ్మరంగా ఉండే రోజులే.

రావాలనుకునేవాళ్లు ఆగస్టుకే పట్టుబట్టకండి, ఫిబ్రవరిలో రండి. పొద్దున చలి ఉంటుంది, స్వెటర్లు తెచ్చుకోండి. న్గోరోంగోరో గేటు దాటితే తారు ఉండదు, వాన పడితే బురద. ఒక్క మాట వినండి. ఈనుతున్న తల్లి దగ్గరకు బండి పోనివ్వమని డ్రైవర్‌ను తొందరపెట్టకండి. తల్లికీ దూడకూ మధ్య బండి అడ్డుపడితే, కొత్త దూడ కదిలేదాన్నల్లా తల్లి అనుకుని బండి వెంటే పరుగెడుతుంది. తల్లి నుంచి విడిపోయిన దూడ ఆ రాత్రి దాటదు. దూరంగా ఆపి, ఇంజను కట్టేయించి కూర్చోండి.