కోచ్ పోయాడు

"నాన్నమ్మా, కోచ్ పోయాడు" అన్నాడు మా వాడు బడి నుంచి వస్తూనే. బెల్లం పాకం అంటిన చేత్తోనే మా అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, ఎంత వయసు నాయనా?"

"నలభై తొమ్మిది."

"చిన్నవాడే పాపం. పిల్లలున్నారా?"

"ఇద్దరు ఆడపిల్లలు."

అమ్మ కళ్లు తుడుచుకునే లోపు నేను వంటింట్లోకి వెళ్లి, పోయింది ప్రాణం కాదని, మనిషి సియాటిల్ నుంచి అలబామాకు పోయాడని విడమరిచి చెప్పవలసి వచ్చింది. "ఉద్యోగం మారాడా, అంతేనా!" అని ఆమె మళ్లీ అరిసెల పిండి వైపు తిరిగింది.

మా వాడికి మాత్రం అది చావు కబురే. ఆ రోజు 2024 జనవరి 12, శుక్రవారం. అంతకు నాలుగు రోజుల ముందే, సోమవారం రాత్రి, హ్యూస్టన్‌లో జరిగిన అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ ఫైనల్లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ జట్టు హస్కీస్ 34-13 తేడాతో మిషిగన్ చేతిలో ఓడిపోయింది. "మేము ఓడిపోయాం" అని మా వాడు దిండులో మొహం దాచుకున్నాడు. మనం, మేము తేడా వాడికి ఎంత చెప్పినా ఎక్కలేదు. అయినా ఆ రాత్రి వాడు అన్నది వ్యాకరణం ప్రకారం సరైనదే. తెనాలిలో క్రికెట్ తప్ప మరో ఆట ఎరగకుండా పెరిగినవాణ్ని నేను. ఈ ఫుట్‌బాల్లో బంతిని కాలితో తన్నేది ఎంత అరుదో తెలుసుకోవడానికే నాకు రెండేళ్లు పట్టింది, అదీ వాడు నేర్పితే.

ఆ పోయిన కోచ్, కేలన్ డెబోర్, వచ్చేనాటికి హస్కీస్ పరిస్థితి దయనీయం. 2021లో పన్నెండు ఆటలాడి గెలిచినవి నాలుగు. ఆయన శిక్షణలో రెండేళ్లలో 25 గెలుపులు, 3 ఓటములు. 2023లో వరసగా పద్నాలుగు గెలిచి ఫైనల్‌కు వెళ్లారు. ఆ జట్టు ఆటగాడు మైకేల్ పెనిక్స్ విసిరిన బంతులను మా వాడు హాల్లో సోఫా మీద నుంచి మళ్లీ మళ్లీ విసిరి చూపించేవాడు. ఇంతలో అలబామాలో పదిహేడు సీజన్లలో ఆరు జాతీయ టైటిళ్లు గెలిచిన కోచ్ నిక్ సేబన్ జనవరి 10న రిటైరయ్యాడు. రెండు రోజులు తిరగకుండానే ఆ కుర్చీ డెబోర్‌ది. ఒప్పందం మధ్యలో వదిలి వెళ్లినందుకు వాషింగ్టన్‌కు కోటీ ఇరవై లక్షల డాలర్లు కట్టాలట. ఈ లెక్క నాకు సులువుగానే అర్థమైంది. మన కంపెనీల బాండు లాంటిదే, సున్నాలు ఎక్కువ.

ఆఫీసులో ఒకాయన హస్కీస్ ఊదారంగు కప్పును గోడవైపు తిప్పి పెట్టాడు. ఏళ్ల తరబడి సీజన్ టికెట్లు కొంటున్న పక్కింటి పెద్దాయన, వెళ్లినందుకు బాధ లేదన్నాడు. కనీసం ఇంటి ముందు జెండా దించేదాకా ఆగి ఉండవలసిందన్నాడు.

నేను మా వాడితో పెద్దమనిషి తరహాలో చెప్పాను. "మంచి ఉద్యోగం వచ్చింది, వెళ్లాడు. తప్పేముంది?"

"నాలుగు రోజులకేనా?"

అరిసెను నూనెలోకి జారవిడుస్తూ అమ్మ అంది. "మీ నాన్న వీసా వచ్చిన అయిదో రోజున విమానం ఎక్కాడు. ఆ నెలలోనే మీ తాతయ్య సంవత్సరీకం. కంపెనీ వాళ్లు ఆగరట."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఏదో ఒక సమాధానం చెప్పేవాణ్ని. మా వాడు నా వైపు చూశాడు. నేను అరిసెల పళ్లెం వైపు చూశాను.

ఆదివారం భోగి. బయట నీళ్లు గడ్డకట్టే చలి. మా పెరట్లో ఉన్నది గ్యాసుతో వెలిగే కుంపటి. దాన్ని భోగిమంట అని పిలవడానికి అమ్మ మొదటి నుంచీ ఒప్పుకోలేదు. మా వాడు కోచ్ బొమ్మ అచ్చు తీసుకుని వచ్చాడు, అందులో వేస్తానని. గ్యాసు కుంపటిలో కాగితాలు వేయకూడదని నా అభ్యంతరం. "పాత సామాను వేస్తారు గాని మనుషులను వేస్తారా" అని అమ్మ అభ్యంతరం. బొమ్మ చెత్తబుట్టలోకి వెళ్లింది.

ఆ రోజే కొత్త కోచ్ పేరు వచ్చింది. జెడ్ ఫిష్, అరిజోనా నుంచి. అభిమానుల్లో సంతోషం కన్నా అనుమానం ఎక్కువ. ఈయన కూడా రెండేళ్లు ఉండి చెక్కేస్తాడని కొందరన్నారు. బడిలో టెన్నిస్ ఆడాడే గాని ఫుట్‌బాల్ ఆడిన మనిషే కాదని మా వాడి ఫిర్యాదు. నాకు ఆయన అక్కడే నచ్చాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నేను రోజూ ఇంగ్లిషులో మీటింగులు నడపడం లేదా?

సాయంత్రం అరిజోనాలోని చాండ్లర్ నుంచి ఫోను. మా బావమరిది కొడుకు, మా వాడికి బావ వరస, అరిజోనా జట్టంటే ప్రాణం పెడతాడు. 2021లో ఒక్కటంటే ఒక్కటే ఆట గెలిచిన జట్టును ఫిష్ 2023లో పది గెలుపుల దాకా తెచ్చాడు. "మా కోచ్‌ను మీరు ఎత్తుకుపోయారు" అని ఆ పిల్లవాడు గట్టిగానే అరుస్తున్నాడు. మా వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత ఇంగ్లిషులో అన్నాడు. "మంచి ఉద్యోగం వచ్చింది, వెళ్లాడు. తప్పేముంది?"

నా మాటే, నా తరహాలోనే. విన్నప్పుడు అంత మంచి మాటగా తోచలేదు. ఫోను పెట్టేశాక వాడు మళ్లీ డయల్ చేసి, ఈసారి తలుపు వేసుకుని మాట్లాడాడు. ఏమన్నాడో నేను అడగలేదు.

మే నెలలో అమ్మ తెనాలి వెళ్లిపోయింది. పాత జట్టులో దాదాపు ఎవరూ మిగలలేదు. కొత్త సీజన్ అంతంతమాత్రంగా మొదలైంది, సొంత రాష్ట్రంలోని పోటీ జట్టు వాషింగ్టన్ స్టేట్ చేతిలో కూడా ఓడారు. అక్టోబరు 5న మిషిగన్ సియాటిల్‌కు వచ్చింది. మా ఇంట్లో ఆ రోజు బొమ్మల కొలువు పేరంటం. ఆ పూట మా ఆవిడను ఒప్పించి బయటపడడానికి పడిన పాట్లు వేరే రాయాలి. లిన్‌వుడ్‌లో కొత్తగా తెరిచిన స్టేషన్లో కారు పెట్టి రైలెక్కాం. జనవరి ఫైనల్లో ఆడిన ఈ రెండు జట్లకూ ఇప్పుడు పాత కోచ్‌లు లేరు. మిషిగన్‌ను గెలిపించిన కోచ్ హార్బా కూడా అదే నెలలో ఉద్యోగం మారాడు.

రైల్లో అందరూ ఫోన్లలో మరో ఆట చూస్తున్నారు. డెబోర్ కొత్త జట్టు అలబామా, నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్ జట్టుతో ఆడుతోంది. 1984 తరువాత అలబామాను ఒక్కసారీ ఓడించని జట్టు ఆ వాండర్‌బిల్ట్, ఆ రోజు 40-35తో ఓడించింది. కబురు తెలిసి స్టేడియంలో మా వరసలో వాళ్లు ఒకరి చేతులు ఒకరు చరుచుకున్నారు. మా వాడూ చరిచాడు. ఆ తరువాత చేతులు జేబుల్లో పెట్టుకుని స్టేడియం పక్కనున్న సరస్సు మీది పడవల వైపు చూస్తూ నిలబడ్డాడు. మా ఆట 27-17తో గెలిచాం.

రాత్రి ఇంటికి వచ్చేసరికి తెనాలిలో ఆదివారం ఉదయం. మా వాడు ఫోను అందుకున్నాడు.

"నాన్నమ్మా, మనం గెలిచాం."

"మంచిది నాయనా. ఆ పోయినాయన ఎలా ఉన్నాడు?"

"ఓడిపోయాడు. చిన్న జట్టు చేతిలో."

"అయ్యో. కొత్త ఊరు కదా, ఇంకా సర్దుకుని ఉండడు" అంది అమ్మ. "కొలువులో ఈసారి ఎన్ని మెట్లు పెట్టారు?"