పాత పికప్ ట్రక్కుకు కొత్త ఫ్రేము: నా అనుభవం

న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో ఉంటున్న నేను, తోటపని సామాను మోయడానికి ఒక పాత పికప్ ట్రక్కు కొన్నాను. ఆ రాష్ట్రంలో ఏటా తప్పనిసరిగా చేయించవలసిన తనిఖీకి తీసుకువెళ్ళినప్పుడు, మెకానిక్ బండిని లిఫ్టు మీదికి ఎత్తి, నన్ను దగ్గరికి పిలిచి, స్టెప్నీ వేలాడే చోట ఫ్రేమును, అంటే బండి అడుగున బరువంతా మోసే ఇనుప చట్రాన్ని, చిన్న సుత్తితో తట్టి చూపించాడు. ముందు భాగంలో ఖంగుమని మోగిన ఇనుము అక్కడ నానిన చెక్కలాగా చప్పుడు చేసింది. మూడో దెబ్బకు తుప్పు పెచ్చులుగా రాలి, వేలు దూరేంత కంత పడింది.

నేను విశాఖలో పెరిగినవాణ్ణి. ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఏమవుతాయో తెలుసు కనుకనే మా నాన్నగారు ఏటా వాటికి రెడ్ ఆక్సైడ్ వేయించేవారు. ఇక్కడ మాత్రం, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు బురదతో కలిసి ఫ్రేము గొట్టం లోపల చేరి, నీరు కారే రంధ్రాలను మూసి, లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. పైన నల్లరంగు చెక్కుచెదరకుండా ఉండడం వల్ల నాకు అనుమానమే రాలేదు.

ఆ రాత్రి, అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో, ముందు అద్దం కింద డాష్‌బోర్డు మీద కనిపించే విన్ నంబరు (అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే బండి గుర్తింపు సంఖ్య) కొట్టి చూస్తే, సరిగ్గా ఈ తుప్పు గురించే రీకాల్ (భద్రతా లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడం) ఉన్నట్టూ, నా బండికి ఆ పని ఇంకా జరగనట్టూ తేలింది. నోటీసు బహుశా పాత యజమాని చిరునామాకు వెళ్ళి ఉంటుంది.

డీలరు సర్వీసు కౌంటరులో మాత్రం, బండికి పదిహేనేళ్ళు దాటాయి కాబట్టి ఉచితంగా చేయడం కుదరదన్నారు. నేను వెనక్కి తగ్గలేదు. అమెరికా చట్టం ప్రకారం ఆ 15 ఏళ్ళను బండి మొదటిసారి అమ్ముడైన రోజు నుంచి లెక్కించాలి, కాని మనం కౌంటరు దగ్గర నిలబడిన రోజు వరకు కాదు, రీకాల్ వచ్చిన నాటి వరకే. అప్పటికి గడువులో ఉన్న బండికి ఆ హక్కు తరువాత వయసు పెరిగిందని పోదు. గ్లవ్ బాక్సులోని పాత వారంటీ పుస్తకంలో మొదటి కొనుగోలు తేదీ ముద్ర దొరకడం నా అదృష్టం. ఆ పేజీని చూపి, కాదనే మాటను కాగితం మీద రాసి ఇమ్మని మర్యాదగానే అడిగాను. మేనేజరు లోపలికి వెళ్ళి వచ్చి, తనిఖీకి తేదీ ఇచ్చారు. ప్రాణాలకు సంబంధించిన విషయంలో ఈ లెక్కను కొన్నవాడే తెలుసుకుని చెప్పవలసి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

తనిఖీలో కంత ఖాయమైంది. కంత లేని ఫ్రేములకు తుప్పు ఆపే పూత వేసి పంపుతారట. నా బండికి ఫ్రేమే మార్చాలన్నారు. కొత్తది వచ్చేదాకా నడపవద్దని గట్టిగా చెప్పి, ఆ రెండు నెలలకూ వేరే బండి ఇచ్చారు. తుప్పుపట్టిన బ్రేకు గొట్టాలు రీకాల్ కిందికి రావన్నందున వాటి ఖర్చు మాత్రం నేనే పెట్టుకున్నాను.

బండి తెచ్చుకోవడానికి వెళ్ళిన రోజున పాత ఫ్రేము షెడ్డు వెనక పడి ఉంది. స్టెప్నీ కొక్కెం దగ్గర బొటనవేలితో నొక్కితే అంచు విరిగి, చేతిలో ఎర్రటి పొడిగా మిగిలింది. ఫ్రేము పనికి సున్నా డాలర్లు అని రాసిన రసీదును ఆ వారంటీ పుస్తకంలోనే భద్రంగా పెట్టాను.