బెక్‌హామ్ కాయితం, మా బావమరిది టర్ఫ్

ఆదివారం, రాత్రి

పొద్దుట్నుంచీ ఒకటే ఉక్క. సాయంత్రం బీచ్ రోడ్డుకి పోదామని చెప్పులు వేసుకుంటుంటే మా బావమరిది దిగాడు. ఎండాడ దగ్గర ఎవరిదో ఖాళీ జాగా లీజుకి దొరుకుతోందట, ఫుట్‌బాల్ టర్ఫ్, అదే గంటల లెక్కన అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి మైదానం, పెడతాడట. ఒకప్పుడు యూనివర్సిటీ జట్టుకి ఆడినవాడు, ఆ పిచ్చి ఇంకా వదల్లేదు. "బెక్‌హామ్‌ని చూడు బావా! ఆట మానేశాకే అసలు డబ్బు చూశాడు" అన్నాడు.

లెక్కలు రాసి బతికేవాణ్ణి, నాకు ఆ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు బెక్‌హామ్ ఫ్రీకిక్కుల కన్నా ఆయన రాయించుకున్న ఒప్పంద కాయితం మీదే గౌరవం. 2007లో ఇంకా ఇంగ్లండ్‌కి ఆడుతూనే అమెరికా క్లబ్ లాస్ ఏంజెలెస్ గెలాక్సీలో చేరాడు. ఆ ఒప్పందంలోనే, ముందు ముందు అమెరికా లీగ్‌లో ఓ కొత్త జట్టుని రెండున్నర కోట్ల డాలర్లకి కొనుక్కునే హక్కు రాయించుకున్నాడు. అప్పట్లో అదేం చవక కాదు. 2013కి వచ్చేసరికి న్యూయార్క్‌లో కొత్త జట్టు కోసం పది కోట్ల డాలర్లు కట్టారు! బెక్‌హామ్ రిటైరైందీ ఆ ఏడే. మరుసటేడు ఆ పాత షరతు బయటికి తీసి, మయామీలో జట్టు పెడతానన్నాడు.

మావాడికి తెలియనిది అక్కణ్ణుంచి మొదలు. మయామీలో స్టేడియానికి జాగా కుదరలేదు. ఒకచోట కాదంటే ఇంకోచోట. లీగ్ జట్టుని ఖాయం చేసేసరికి 2018. చివరికి పక్కనున్న ఫోర్ట్ లాడర్‌డేల్‌లో 2020లో ఆట మొదలుపెట్టారు, తొలి ఐదు మ్యాచ్‌లూ ఓడారు, మధ్యలో కోవిడ్. మెస్సీ వచ్చింది 2023లో. ఇవాళ ఆ క్లబ్, ఇంటర్ మయామీ, విలువ వంద కోట్ల డాలర్ల పైమాటే గానీ, మధ్యలో అన్నేళ్లు ఓపిక పట్టడానికి వెనక మాస్ సోదరుల్లాంటి డబ్బున్న భాగస్వాములున్నారు. మావాడి వెనక నేనున్నాను.

అంత దూరం ఎందుకు, మన ఇండియా ఫుట్‌బాల్ మాజీ కెప్టెన్ భైచుంగ్ భూటియానే తీసుకో అన్నాను. సొంత రాష్ట్రంలో యునైటెడ్ సిక్కిం క్లబ్ పెట్టాడు. 2012లో అప్పటి దేశపు పెద్ద లీగ్ ఐ-లీగ్‌కి ఎక్కింది, ఒక్క సీజన్‌కే దిగిపోయింది. 2010లో మొదలెట్టిన పిల్లల ఫుట్‌బాల్ స్కూళ్లు మాత్రం నిలబడ్డాయి. క్లబ్‌కి నెల తిరిగేసరికి ఆటగాళ్ల జీతాలు, బస్సులు, హోటళ్లు. స్కూల్‌కైతే తల్లిదండ్రులు ముందే ఫీజు కడతారు.

మావాడు కాసేపు మాట్లాడలేదు. వైజాగ్‌లో పిల్లలు ఎంతమంది వస్తారు బావా, అందరూ క్రికెట్టే కదా అని నసిగాడు. నిజమే. మధురవాడలో అంత స్టేడియం పెట్టుకుని క్రికెట్ కాక ఇంకేం పిచ్చి ఉంటుంది! అందుకే పొద్దున్నా సాయంత్రం పిల్లలకి ఫుట్‌బాల్ కోచింగ్, రాత్రి లైట్లేసి గంటల లెక్కన బాక్స్ క్రికెట్‌కి, అదే చుట్టూ వల కట్టిన చిన్న జాగాలో ఆడే క్రికెట్‌కి, అద్దె అన్నాను. మొహం చిట్లించాడు. ఫుట్‌బాల్ టర్ఫ్ మీద క్రికెట్టా అని. కరెంటు బిల్లు కట్టేది వాళ్లేరా అన్నాను.

స్థలం ఓనరు మూడేళ్లకి మించి రాయనంటున్నాడట. గడ్డి పరవడానికి, వల కట్టడానికి, లైట్లకి పెట్టిన డబ్బు మూడేళ్లలో తిరిగొస్తుందా? నాకు అనుమానమే. ఏటా ఎంత అద్దె పెంచుతాడో, మధ్యలో ఖాళీ చేయమంటే ఏం ఇస్తాడో రాయించుకుని రా, అప్పుడు మాట్లాడదాం అని పంపించాను.

మా ఆవిడ అప్పుడే మా చిన్నోణ్ణి మొదటి బ్యాచ్‌లో రాయించేసింది, ఫీజు లేకుండా.