హెబ్రీ 10:25 ఆదివారం హాజరు గురించే కాదు

ఎవరైనా వరుసగా రెండు వారాలు ఆరాధనకు రాకపోతే చాలు, మనకు బైబిల్లోని హెబ్రీ 10:25 గుర్తుకొస్తుంది. "సమాజముగా కూడుట మానక" అని వాక్యం చూపించి గద్దిస్తాం. గద్దించడం తప్పు కాదు, అక్కడితో ఆపేయడమే నాకు బాధ. అదే వాక్యభాగంలో "ప్రేమచూపుటకును సత్కార్యములు చేయుటకును ఒకని నొకడు పురికొల్పవలెనని ఆలోచింతము" అని కూడా ఉంది కదా! ఎందుకు కూడుకోవాలో అక్కడే చెప్పాడు. ఈ సహోదరుడికి ఏ మాట చెబితే ధైర్యం వస్తుంది, ఆ సహోదరి ఎందుకు నీరసించింది అని వారమంతా ఆలోచించి, ఆ ఆలోచనతో కూటానికి రావాలి.

ఆదివారం వరుసల్లో కూర్చుని, ముందువాళ్ల వీపులు చూస్తూ ఇది చేయగలమా? ఆరాధనను తక్కువ చేయడం లేదు. యెరూషలేము విశ్వాసులు ప్రతిదినం దేవాలయంలో కూడుకున్నారు, ఇంటింటా రొట్టె విరిచారు (అపొ. కార్యములు 2:46). మనం మొదటిదాన్ని పట్టుకుని, రెండోదాన్ని, అంటే ఇళ్లలో కొద్దిమందిగా కూడుకునే గృహకూటాన్ని, తీరిక ఉన్నవాళ్లకు వదిలేశాం.

అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులను చూడండి. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞతో రోమా విడిచి కొరింథుకు వచ్చారు, డేరాలు కుట్టుకుంటూ బతికారు. తర్వాత ఎఫెసులో ఉన్నప్పుడు వాళ్ల ఇంట్లో సంఘం కూడింది (1 కొరింథీ 16:19). తిరిగి రోమాకు వెళ్తే అక్కడా వాళ్ల ఇంట్లో సంఘమే (రోమా 16:5). "స్థిరపడ్డాక చూద్దాం" అని వాళ్లు అనుకోలేదు. అపొల్లో అనే బోధకుడి విషయంలో వాళ్లు చేసిన పని నాకు మరీ ఇష్టం. అతను లేఖనాల్లో ప్రవీణుడు, సమాజమందిరంలో ధైర్యంగా బోధిస్తున్నాడు, కానీ యేసుకు ముందు వచ్చిన యోహాను ఇచ్చిన బాప్తిస్మం వరకే తెలుసు. వీళ్లు అందరి ముందూ లేచి సరిదిద్దలేదు. అతన్ని చేర్చుకుని, దేవుని మార్గాన్ని మరి పూర్తిగా విశదపరిచారు (అపొ. కార్యములు 18:26). అంత పండితుడు డేరాలు కుట్టేవాళ్ల దగ్గర నేర్చుకున్నాడంటే, వాళ్లు చేర్చుకున్న తీరులో ఎంత ప్రేమ ఉండి ఉండాలి! నలుగురిలో ఎత్తిచూపితే మనిషి ముడుచుకుపోతాడు.

మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ కాలంలోనూ ఇదే కనిపిస్తుంది. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి, విశ్వాసులను పన్నెండేసి మంది చొప్పున గుంపులు చేసి, వారానికో పెన్నీ వసూలు చేయమని ఒక్కో నాయకుడికి అప్పగించారు. ఆ నాయకులు ఇళ్లకు వెళ్లేసరికి చందా కంటే ముఖ్యమైన సంగతులు బయటపడ్డాయి. ఎవరు పడిపోయారో, ఎవరి ఇంట్లో సమాధానం లేదో అప్పుడు తెలిసింది. వెస్లీ ఆ ఏర్పాటునే ఆత్మల సంరక్షణకు వాడుకున్నాడు.

మా గృహకూటంలో ఒక సహోదరుడు ప్రార్థన విన్నపాలు అడిగిన ప్రతిసారీ "అందరి కోసం ప్రార్థించండి" అని ఊరుకునేవాడు. ఒకరోజు ముగింపు ప్రార్థన అయ్యి అందరం లేస్తుంటే, ఒక పెద్దావిడ ఆయన పక్కకొచ్చి కూర్చుంది. "నాయనా, ఈమధ్య పాట పాడటం లేదేం? పుస్తకం తెరిచి పెట్టుకుంటున్నావు గానీ, పెదవులు కదలట్లేదు" అంది. ఆయన చేతిలోని బైబిలు అట్టను గోటితో గీకుతూ చాలాసేపు మాట్లాడలేదు. ఉద్యోగం పోయిందట. ఇంట్లో కూడా చెప్పలేదట. రోజూ బ్యాగు తగిలించుకుని బయటికి వెళ్లి, సాయంత్రానికి తిరిగొస్తున్నాడు. ఆ సాయంత్రం ఆయనతో పాటు ఇద్దరు ఇంటికి వెళ్లారు. ఇప్పుడు ఆయనే దీన్ని సాక్ష్యంగా చెబుతుంటాడు కాబట్టి రాస్తున్నాను. ఆదివారం వందల గొంతుల మధ్య ఆ ఒక్క గొంతు ఆగిపోయిన సంగతి ఎవరికి తెలుస్తుంది? పది మంది ఉన్న గదిలో తెలిసింది, దేవునికి స్తోత్రం.

అలాంటి గదిలో కూడా మైకు పెట్టి, ముప్పావు గంట ప్రసంగం చేసి, "టైం అయిపోయింది" అని లేచిపోతుంటే నాకు దుఃఖం వస్తుంది. అక్కడ విన్న విన్నపాన్ని "ఫలానావాళ్ల కోసం ప్రార్థించండి" అనే పేరుతో ఫోన్లలో పాకించడం మరీ ఘోరం. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు రాశాడు (5:16). ఒక్కసారి మాట బయటికి పొక్కితే, ఆ గదిలో ఇంకెవరు నోరు విప్పుతారు?

కూటం జరిగే ఇంటివాళ్లను ఏర్పాట్ల టెన్షన్‌లో పడేయకండి, ఇల్లు చిన్నదని వెనక్కి తగ్గనివ్వకండి. అధ్యాయం చదివాక బోధ తగ్గించి, ఆ వాక్యం ఈ వారం ఎవరిని ఎక్కడ పట్టుకుందో అడగండి. జవాబు రాకపోతే కాసేపు ఆగండి, ఆ ఖాళీని పాటతో నింపేయకండి. ప్రార్థన చేయడం రాదనేవాళ్ల చేత ఒక్క వాక్యమైనా సొంత మాటల్లో చేయించండి. పోయినవారం విన్నపం చెప్పినవాళ్లను ఈ వారం పేరు పెట్టి అడగండి. రానివాళ్లకు హెబ్రీ పత్రిక వచనం మెసేజ్ పంపే బదులు, ఇద్దరు కలిసి వాళ్లింటికి వెళ్లండి.